చీటిగుడ్డ - చిలకలపూడి బంగారం

బందరు పేరు చెప్పగానే ఎవరికైనా ముందు లడ్డు గుర్తొస్తుంది. ఆ తరవాత చిలకలపూడి నగలు. చీరల సరదా ఉన్నవాళ్ళకైతే కలంకారీ. చరిత్ర మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అందులో వాళ్ళ తప్పేం లేదు లెండి. తిండీ, గుడ్డా, నగా కళ్ళ ముందుంటాయి. చరిత్ర అలమారలో పుస్తకం అట్టల మధ్య ఉంటుంది. కానీ ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో కాపురం చేస్తూ, బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కాబట్టి నాకో సంగతి తెలిసొచ్చింది. బందరు చరిత్రలో సగం ఆ మూడు సరుకుల్లోనే ఉంది. కాస్త ఓపిగ్గా బజారు చెయ్యడం తెలిసిన ఆడదానికి అది దొరక్కుండా పోదు.

ఊరి పేటల పేర్లే చూడండి. ఇంగ్లీషుపాలెం. వలందపాలెం. పరాసుపేట. వలందులంటే హాలెండువాళ్ళు, డచ్చివాళ్ళన్నమాట. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఆటోవాళ్ళు రోజుకి వందసార్లు కేకేసే పేర్లివి. ఎక్కేవాళ్ళకి గానీ దిగేవాళ్ళకి గానీ సముద్రాల అవతలి దేశాలు తలపుకొస్తాయా? ఆమాటకొస్తే ‘బందరు’ అన్నదే మన మాట కాదు. పారశీకంలో బందర్ అంటే ఓడరేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇరాను వర్తకులు ఇక్కడ దిగి, ఇక్కడే ఇళ్ళు కట్టుకుని ఉండేవారు. మచిలీపట్నం అని కాగితాల్లో రాసుకుంటాం, నోరు తెరిస్తే మాత్రం అందరికీ బందరే.

మొన్న చలికాలంలో నా కాలేజీ నేస్తం వచ్చింది. పెళ్ళయి హాలెండు వెళ్ళి పదిహేనేళ్ళు దాటింది. నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి, ఒక్కరోజు నాకోసం అట్టేపెట్టి బందరు బస్సెక్కింది. దిగీ దిగగానే కాళ్ళు కడుక్కోనైనా కడుక్కోకుండా చేతిసంచీలోంచి ఒక కాగితం తీసింది.

“ఏమిటే అది?” అన్నాను.

“లిస్టు. అక్కడ మా తెలుగువాళ్ళందరం పండగలకి కలుస్తూ ఉంటాంగా. నేను బందరు వెడుతున్నానని తెలిసి పన్నెండుమంది డబ్బులిచ్చారు. పన్నెండు కలంకారీ దుపట్టాలు కొనాలి. అసలువి కావాలిట. నకిలీవి తెచ్చానని ఒకళ్ళు అన్నా తల తీసేసినట్టుంటుంది.”

“అసలువని ఎల్లా తెలుస్తుందే వాళ్ళకి?”

“వాళ్ళకి తెలీదు. అందుకేగా నన్ను నమ్మి డబ్బిచ్చింది,” అంది.

ఆ మాట నాకు చాలా నచ్చింది. చిన్న మాటే. కానీ ఆ రోజంతా మేం తిరిగిన తిరుగుడుకి అదే మూలం అయింది.

పెసరట్టూ ఉప్మా తిని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బయల్దేరాం. మొదట దాన్ని వలందపాలెం తీసికెళ్ళాను. “మీ ఊరివాళ్ళ పేట చూద్దువుగాని రా,” అంటే పగలబడి నవ్వింది. డచ్చివాళ్ళు బందర్లో కోఠీ పెట్టింది 1605లో. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. ఫ్రెంచివాళ్ళు 1669లో. అందరికంటే ముందొచ్చినవాళ్ళు వలందులే. వీళ్ళెవరూ కోటలు కట్టడానికో రాజ్యాలేలడానికో రాలేదు మొదట్లో. గుడ్డలు కొనుక్కోడానికి వచ్చారు. అవును, గుడ్డలకే! ఇప్పుడు మా నేస్తం వచ్చినట్టే, చేతిలో లిస్టు పట్టుకుని.

అప్పట్లో తూర్పుదీవుల్లో, అంటే ఇప్పటి ఇండోనేషియా ప్రాంతంలో, మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్ళకి వెండీ బంగారం కంటే మన తీరపు గుడ్డలు ముద్దు. అంచేత ఇక్కడ గుడ్డ కొని, అక్కడిచ్చి, మసాలా దినుసులు పుచ్చుకుని, వాటిని యూరపులో అమ్ముకునేవారు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో బందర్లో దిగాడు. ఊరు చూసి ఆయన ఏమంత మురిసిపోలేదు. ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్న కొయ్య ఇళ్ళని రాశాడు. కానీ ఓడలు నిలవడానికి బంగాళాఖాతం మొత్తంలో ఇంత మంచి చోటు లేదనీ, పెగూ, సయాం, అరకాను, మక్కా, హోర్ముజ్, సుమత్రా, మనీలాకి ఇక్కణ్ణించి ఓడలు వెడతాయనీ కూడా రాశాడు. ఊరు అందంగా లేకపోయినా ఊరి సరుకు ప్రపంచమంతా తిరిగిందన్నమాట.

డచ్చివాళ్ళ సమాధుల తోట ఇంకా ఉంది, పురావస్తుశాఖ వారి రక్షణలో. పెద్దపెద్ద రాతిపలకలు, వాటిమీద కుటుంబ చిహ్నాలు, చుట్టూ అక్షరాలు. మా నేస్తం మోకాళ్ళమీద కూర్చుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ డచ్చి చదివింది. “ఇవి పాతకాలపు స్పెల్లింగులే. అయినా తెలుస్తోంది. ఇక్కడ పడుకున్నాడు అని ఉంది,” అంది మెల్లిగా. ఎక్కడి నదులో, ఎక్కడి చలిదేశమో! ఆ ఊరి మనుషులు ఈ ఉప్పుగాలిలో, ఈ జ్వరాల్లో రాలిపోయారు. వాళ్ళ ఊరికి కాపురానికి వెళ్ళిన మా కృష్ణాజిల్లా పిల్ల వచ్చి ఆ రాళ్ళు చదివింది. 1824లో ఇంగ్లీషువాళ్ళతో చేసుకున్న ఒప్పందంతో డచ్చివాళ్ళు మన దేశంలో తమ స్థావరాలన్నీ వదిలేసుకున్నారు. మిగిలింది ఈ రాళ్ళూ, ఒక పేట పేరూ.

“ఒకటి చెప్పనా,” అంది బయటికొస్తూ. “అక్కడ లీవార్డెన్ అని ఒక ఊళ్ళో ఫ్రీస్ మ్యూజియం ఉంది. అందులో రెండు మూడు వందల ఏళ్ళనాటి ఆడవాళ్ళ బట్టలు పెట్టారు. పెద్దపెద్ద పువ్వులు, ఎర్రటి ఎరుపు. మొన్న మొన్న ఉతికి ఆరేసినట్టున్నాయి. కింద ‘సిట్స్’ అని రాసుంది. భారతదేశపు తూర్పుతీరం అనీ రాసుంది. ఆ అద్దాల ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదే.”

సిట్స్ అంటే మరేం కాదండీ, మన చీటిగుడ్డే! హిందీలో ఛీంట్ అంటే చుక్క, చినుకు. రంగులు చిలకరించినట్టుండే అచ్చుగుడ్డకి ఆ పేరు. ఇంగ్లీషువాడు దాన్ని చింట్జ్ అన్నాడు, డచ్చివాడు సిట్స్ అన్నాడు, మన అమ్మమ్మలు చీటి అన్నారు. “చీటి పరికిణీ కుట్టించాను,” అనేది మా అమ్మమ్మ. ఆ మాట వింటూ పెరిగిన మనకి అది మూడు ఖండాలు తిరిగిన మాటని ఎల్లా తెలుస్తుంది?

హాలెండు ఉత్తరాన హిందెలోపెన్ అని ఒక చిన్న రేవు ఉందిట. అక్కడి ఆడవాళ్ళకి మన చీటిగుడ్డ జాతీయదుస్తులంత అయిపోయింది. పైన వేసుకునే పొడుగు చొక్కా దాంతోనే. మామూలు రోజుల్లో ఎర్రపువ్వులది. ఇంట్లో ఎవరైనా పోతే నీలం తెలుపు కలిసినది. చూశారా, మంచికీ చెడుకీ మన గుడ్డే కట్టుకున్నారు.

అక్కణ్ణించి పెడన వెళ్ళాం. బందరుకి పదీ పదకొండు కిలోమీటర్లు. ఇప్పుడు బందరు కలంకారీ అంటే చాలావరకు పెడనే. కలం అంటే కలం, కారీ అంటే పని. పేరు కలం పనే గానీ మన బందరు పని అచ్చుల పని, ‘అద్దకం’ అంటారు. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. అక్కడ గుళ్ళకోసం రామాయణ భారత కథలు గీశారు. ఇక్కడ ఓడలకోసం పువ్వులూ తీగెలూ అద్దారు. రెండింటికీ పేరొకటే అయినా తీరు వేరు.

ఒక పెద్ద పాక. పొడుగాటి బల్లలు. ఒకాయన ఎడంచేత్తో గుడ్డ సర్ది, కుడిచేత్తో టేకు అచ్చు రంగులో అద్ది, గుడ్డమీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతున్నాడు. మళ్ళీ అద్దడం, పెట్టడం, గుద్దడం. చూసేవాళ్ళకి తేలికే అనిపిస్తుంది. పది నిమిషాలు నిలబడి చూస్తే మన భుజం నొప్పి పెడుతుంది.

అసలు పని అద్దకానికి ముందూ, తరవాతా ఉంది. ముందు గుడ్డని ఉతికి గంజి పోగొట్టాలి. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరెయ్యాలి. కరక్కాయ వగరు రంగుని పట్టి ఉంచుతుంది. పాలల్లో ఉన్న జిడ్డు రంగుని అటూ ఇటూ పాకనివ్వదు. నలుపు కావాలంటే తుప్పుపట్టిన ఇనపముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరేస్తారు. ఆ నీళ్ళు చూస్తే నల్లగా ఏమీ ఉండవు. కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలీ తగలగానే నల్లబడతాయి! ఎరుపు మరీ విచిత్రం. ఎర్రపువ్వు రావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. పటికకి రంగేముంది? ఆ తరవాత పారే నీళ్ళలో జాడించి, ఎర్రరంగు వేళ్ళూ చెక్కా వేసిన రాగి కాగులో ఉడకేస్తారు. పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు అతుక్కుంటుంది. వెనకటి రోజుల్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. నిజాంపట్నం దగ్గర, సముద్రపు ఇసకనేలల్లో పెరిగే చిరివేరుకి పెట్టింది పేరు. యూరపులో అప్పటికి ఎన్నో రంగులు తెలుసు గానీ, నూలుగుడ్డమీద ఉతికినా వెలవని ఎరుపు మాత్రం వాళ్ళకి తెలీదు. ఉతుకుతున్న కొద్దీ మన గుడ్డ మెరుగెక్కేది. అదీ బందరు రహస్యం.

మా నేస్తం కాగులోకి తొంగిచూసి, “వంటిల్లులాగే ఉందే,” అంది. నిజమే. కరక్కాయ, బెల్లం, పాలు, పటిక, దానిమ్మ తొక్కలు, జాజాకు. ఆడవాళ్ళకి తెలియని దినుసు ఒక్కటీ లేదు అందులో.

డేనియల్ హావర్ట్ అని ఒక డచ్చి వైద్యుడు, కంపెనీ ఉద్యోగంలో ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళున్నాడు. 1693లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తీరపు అద్దకం వాళ్ళ గురించి రాశాడు. ఆ పని నత్తనడకలా సాగుతుందిట, చూస్తుంటే ముందుకి కదిలినట్టే ఉండదుట. ఆయన విసుక్కున్నాడో, మెచ్చుకున్నాడో నాకు తెలీదు గానీ, పెడన పాకలో నిలబడితే ఆ మాట అక్షరాలా నిజమనిపించింది. ఆ నత్తనడక పనికి ముందుగా బయానా ఇచ్చేవాడు దళారీ. అప్పు తీరేదాకా పనివాడు ఇంకొకళ్ళకి అమ్మడానికి వీల్లేదు. గుడ్డ ఆమ్‌స్టర్‌డాములో ఎంతకి అమ్ముడుపోయిందో అద్దినవాడికి ఏనాడూ తెలీదు.

ఆ గుడ్డ యూరపులో చేసిన గొడవ అంతా ఇంతా కాదు. దొరసానులు పట్టూ ఉన్నీ పక్కన పడేసి చీటి కట్టారు. మంచాలకీ కిటికీలకీ కూడా చీటే. అక్కడి నేతగాళ్ళ మగ్గాలు ఆగిపోయాయి. 1686లో ఫ్రాన్సు ప్రభుత్వం అద్దకం గుడ్డల్ని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో అంతకంటే గట్టిదింకొకటి చేసింది. మధ్యలో 1719లో లండన్ నేతగాళ్ళు ఆకలితో, కోపంతో వీధుల్లో పడ్డారు. చీటిగౌను వేసుకున్న ఆడది కనబడితే సిరా పోశారు, ఆమ్లం పోశారు, ఒంటిమీదే గుడ్డ చింపేశారు.

ఇది చదివిన రోజున నాకు కాసేపు ఏమీ తోచలేదు. గుడ్డ అద్దింది ఇక్కడ పేదవాడు. పొట్ట కొట్టబడింది అక్కడ పేదవాడు. లాభం తీసుకున్నది మధ్యవాడు. నడివీధిలో అవమానపడింది మాత్రం ఆడది! ఆమె చేసిన నేరమల్లా నచ్చిన పువ్వులగుడ్డ కట్టుకోవడమే. ఆమెకి బందరు ఎక్కడుందో తెలుసా? అద్దినవాడికి ఆమె సంగతి తెలుసా?

హాలెండులో ఇలాంటి నిషేధం పెట్టలేదు. అందుకే మా నేస్తం చూసిన మ్యూజియంలో అన్ని బట్టలు మిగిలాయి.

నిషేధిస్తే ఊరుకుంటారా? కాపీ కొట్టడం నేర్చుకున్నారు. 1742లో కోర్దూ అనే ఫ్రెంచి పాదిరీ, తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకంవాళ్ళని అడిగి, కరక్కాయ దగ్గర్నించి కాగుదాకా ప్రతి అంచెనీ ఉత్తరంలో రాసి పంపాడు. ఈయనే తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూడా కూర్చాడు. మన భాషకి మేలు చేసినాయన చేతిమీదుగానే మన అద్దకం గుట్టూ బయటపడింది. 1783లో ఇంగ్లండులో రంగుల అచ్చుని గుండ్రటి రూళ్ళకెక్కించి తిప్పే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నారు. ఆ తరవాత కథ మీకు తెలిసిందే. మన గుడ్డని చూసి చేసిన గుడ్డ ఓడలెక్కి మన ఊరికే వచ్చి, మన గుడ్డకంటే చవగ్గా అమ్ముడుపోయింది.

దానికితోడు ప్రకృతి. 1864 నవంబరు 1న వచ్చిన తుపానుకి సముద్రం ఊరిమీద పడింది. ముప్ఫైవేలమంది దాకా పోయారంటారు. ఆ దెబ్బనుంచి రేవు మళ్ళీ లేవలేదు. తరవాత ఊరు చదువులకీ, స్వరాజ్యానికీ పేరు తెచ్చుకుంది. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రా బ్యాంకు ఇక్కడే పుట్టాయి. జాతీయ కళాశాలలో పాఠాలతోపాటు చేతిపనులూ నేర్పారు. స్వతంత్రం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ్ గారి వంటివాళ్ళు పూనుకుని కలంకారీకి మళ్ళీ ఊపిరి పోశారు. అలా బతికి బట్టకట్టిన పని ఇది.

ఇదంతా చెప్పుకుంటూ ఒక దుకాణంలో కూర్చున్నాం. దుకాణదారు రెండు దొంతరలు మా ముందు పెట్టాడు. రెండూ ఎర్రపువ్వులే, రెంటిమీదా నెమళ్ళే. ఒక దొంతర ధర రెండోదాంట్లో మూడోవంతు.

“ఇదేమిటండీ, ఇంత తేడా?” అంది మా నేస్తం.

ఆయన దాచలేదు పాపం. “చవకది స్క్రీను ప్రింటు తల్లీ, రసాయనం రంగు. ఖరీదుది చెక్క అచ్చు, కరక్కాయ రంగు. అడిగారు కాబట్టి చెప్పాను. అడగనివాళ్ళకి రెండూ కలంకారీయే,” అన్నాడు.

“అడగనివాళ్ళు ఎక్కువా, అడిగేవాళ్ళు ఎక్కువా?” అన్నాను నేను.

నవ్వేశాడు. “అడిగేవాళ్ళే ఎక్కువైతే ఈ వీధిలో ఇన్ని బల్లలు ఖాళీగా ఎందుకుంటాయమ్మా?”

మా నేస్తం కాగితం తీసి లెక్కలేసుకుంది. పన్నెండుమంది ఇచ్చిన డబ్బుకి చెక్క అచ్చువి పన్నెండు రావు. అయిదే వస్తాయి. స్క్రీనువి కొంటే పన్నెండూ వచ్చి, పైన డబ్బులు మిగులుతాయి. “ఏం చెయ్యనే?” అంది నా చెవిలో.

నేనేమీ చెప్పలేదు. చెప్పడానికి నాకేం హక్కుంది? నెల జీతంతో ఇల్లు గడుపుకునేవాళ్ళని పట్టుకుని ‘అసలుదే కొనండి’ అని ఉపన్యాసం ఇవ్వడం తేలిక. పిల్లల ఫీజులు కట్టి, అత్తగారి మందులు కొని, మిగిలినదాంట్లో ఒక చీర కొనుక్కునే ఆడది స్క్రీను ప్రింటు కొనుక్కుంటే అందులో పాపమేముంది? స్క్రీను లాగేవాడికీ పెళ్ళాం పిల్లలున్నారు. పైగా ‘అసలు’ అనేదైనా ఎంత అసలు? పాత బందరు గుడ్డలమీది ఆ పెద్ద చెట్టూ, తీగెలూ మన బుర్రలోంచే ఊడిపడ్డాయా? ఇరానువాళ్ళ ముచ్చట కొంత, చైనా తీరు కొంత, కంపెనీవాళ్ళు పంపిన నమూనాలు కొంత. అన్నీ కలిసి అది బందరుదైంది.

మా నేస్తం అప్పుడే ఏదీ తేల్చుకోలేదు. “భోంచేసొచ్చి చెబుతానండీ,” అని లేచింది. ఆయన కూడా బలవంతపెట్టలేదు.

అరటాకు భోజనం చేశాం. ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, గడ్డపెరుగు. ఆకు మడిచి లేచాక, “చిలకలపూడి ఎంత దూరం?” అంది.

దూరమెంత, ఊళ్ళో భాగమే. మీ ఇళ్ళల్లో కూడా చిలకలపూడి నగలుండే ఉంటాయి. లేవనకండి. పెళ్ళికి ప్రయాణమై రైలెక్కేముందు అసలు గొలుసు లాకర్లో పెట్టి, మెళ్ళో వేసుకునే గొలుసు ఏమిటంటారు? రాగిమీదో, ఇత్తడిమీదో పలచగా బంగారం పూసి చేసే నగలివి. నాటకాలవాళ్ళు, నాట్యాలు చేసేవాళ్ళు మొదలుకుని నిత్యం పెట్టుకునే వాళ్ళదాకా అందరికీ ఇవే. ఇళ్ళల్లో ఆడవాళ్ళు అరుగులమీద కూర్చుని రాళ్ళు పొదుగుతారు, గొలుసు కొక్కేలు కలుపుతారు. పప్పు పొయ్యిమీద పెట్టి వచ్చి నాలుగు రాళ్ళు, పిల్లాడికి జడిసి లేచివెళ్ళి వచ్చి మరో నాలుగు. ఆ డబ్బుతో వెలిగే పొయ్యిలు మా ఊళ్ళో లెక్కలేనన్ని.

ఒక అరుగుమీద గాజుకి తెల్లరాళ్ళు పెడుతున్న ఒకావిణ్ణి మా నేస్తం పలకరించింది. “ఇవి ఎంతకాలం నలుపెక్కకుండా ఉంటాయండీ?” అని అడిగింది.

ఆవిడ తల ఎత్తకుండానే, “నీళ్ళు తగలకుండా చూసుకుంటే బాగానే ఉంటాయమ్మా. మేం బంగారమని చెప్పం. బంగారంలా ఉంటుందనే చెబుతాం,” అంది.

మా నేస్తం నా వంక చూసింది. నేనూ దాని వంక చూశాను. దుకాణంలో తెగని లెక్క ఆ అరుగుమీద తెగిపోయింది. బందరంతా నకిలీ ఉంది. కానీ నకిలీ అని చెప్పి అమ్మే నకిలీ వేరు, అసలు పేరు పెట్టుకుని తిరిగే నకిలీ వేరు. చిలకలపూడి నగ కంసాలి బంగారాన్ని కాదనలేదు. బంగారం కొనలేని ఆడపిల్ల మెడ బోసిగా ఉండకుండా చూసింది. అదే స్క్రీను ప్రింటు, ‘స్క్రీను ప్రింటు’ అనే పేరుతో వస్తే ఎవరికి అభ్యంతరం? అది కలంకారీ పేరుతో వచ్చినప్పుడే పెడన బల్ల ఖాళీ అవుతుంది. ఎందుకంటే చవకది చూశాక ఖరీదుది మోసంలా కనిపిస్తుంది మనకి. నత్తనడక పనివాణ్ణి మనమే ‘ఎక్కువ చెబుతున్నావయ్యా’ అని దబాయిస్తాం.

మళ్ళీ పెడన వెళ్ళాం. అది చెక్క అచ్చు దుపట్టాలు నాలుగు కొంది, బేరం ఆడకుండా. మిగిలిన డబ్బుతో అరుగుమీది ఆవిడ దగ్గరకొచ్చి గాజులు కొంది, ఎనిమిది జతలు. ఫోనులోనే పన్నెండుమందికీ సందేశం పెట్టింది. అసలు కలంకారీ నాలుగే వచ్చాయనీ, కావలసినవాళ్ళు పై సొమ్ము ఇచ్చి పుచ్చుకోవచ్చుననీ, తక్కినవాళ్ళకి చిలకలపూడి గాజులు తెస్తున్నాననీ, అవి బంగారం కాదనీ, వద్దంటే డబ్బు తిరిగి ఇచ్చేస్తాననీ. సాయంత్రానికి తొమ్మిదిమంది దుపట్టాలే కావాలన్నారుట! “ఇప్పుడెక్కణ్ణించి తేనే?” అని తల పట్టుకుంది. ఆ అయిదింటికీ మర్నాడు నేనే పెడనలో ఆర్డరిచ్చాను. నాలుగు వారాలు పట్టింది. నత్తనడక అని ముందే చెప్పాగా.

తిరిగొచ్చేటప్పుడు కోనేరు సెంటర్ దగ్గర దిగి లడ్డు కొన్నాం. బందరు లడ్డుని తొక్కుడు లడ్డు అంటారు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు తెచ్చిన విద్య అని ఇక్కడ చెప్పుకుంటారు. శనగపిండిని పూసలా నూనెలో దూసి, దాన్ని దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి, నెయ్యి పోస్తూ మళ్ళీ రోకలితో దంచుతారు. బూందీ లడ్డులా గింజగింజగా ఉండదు. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఇంకెక్కడో చేసి ‘బందరు లడ్డు’ అనే పేరు పెట్టడానికి వీల్లేదు. గోధుమపాలూ బెల్లమూ నెయ్యీ గంటలకొద్దీ కలిపి చేసే నల్లహల్వా కూడా ఒక పొట్లం కట్టించాం. హల్వా అన్న మాట అరబ్బుల దగ్గర్నించి వచ్చింది, లడ్డు విద్య ఉత్తరాదినించి వచ్చింది, బెల్లం మాత్రం కృష్ణా డెల్టాది. అయినా ఎవరైనా అడిగితే అవి బందరువే. మరి ఇక్కడి చేతులు దంచినవి, ఇక్కడి చేతులు కలిపినవి.

కలంకారీకి కూడా అలాంటి గుర్తింపు ఉంది. అయితే చట్టం దుకాణం దాకా వస్తుంది గానీ, కొనేవాళ్ళ చేతిదాకా రాదు. అక్కడ మనమే ఉండాలి. అంచేత మీరు కలంకారీ కొనబోతే, దయచేసి ఈ నాలుగు సంగతులూ గుర్తుపెట్టుకోండి. గుడ్డ తిరగేసి చూడండి. చెక్క అచ్చు రంగు వెనక్కి దిగుతుంది, స్క్రీనుది చాలామటుకు పైనే ఉంటుంది. అచ్చుకీ అచ్చుకీ అతుకుపడ్డ చోట సన్నటి తేడా ఉంటుంది. అది లోపం కాదు, చెయ్యి. పువ్వులన్నీ ముక్కస్య ముక్కగా ఒకేలా ఉంటే అనుమానించండి. ఎరుపు కళ్ళు చెదిరేలా కాకుండా కాస్త ఇటిక ఛాయలో ఉంటే సంతోషించండి.

ఇవేవీ తెలియకపోయినా ఫరవాలేదు. నోరుంది కదా. “ఇది చెక్క అచ్చా, స్క్రీనా?” అని అడగండి. స్క్రీనంటే, డబ్బు అంతే ఉంటే, నిశ్చింతగా స్క్రీనే కొనుక్కోండి. కట్టుకున్నాక ఎవరైనా ‘కలంకారీయా?’ అంటే, ‘కాదండీ, స్క్రీను ప్రింటు,’ అని చెప్పండి. అరుగుమీది ఆవిడ చెప్పినట్టే.